చిన్న వ్యర్థజల చెరువు కట్టను భద్రంగా ఉంచడం ఎలా

కట్ట ఎత్తు 4 మీటర్లే, నీళ్లు 10,000 ఘనపు మీటర్లే కదా అని ఫ్యాక్టరీ వెనకున్న వ్యర్థజల చెరువును చాలామంది ఈటీపీలో (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటులో) ఇంకో ట్యాంకుగా లెక్కేస్తారు. పంపుకు లాగ్‌బుక్ ఉంటుంది, బ్లోయరుకు సర్వీసు తేదీ ఉంటుంది, కట్టకు మాత్రం ఏదీ ఉండదు. కానీ 10,000 ఘనపు మీటర్లంటే 10,000 టన్నుల నీళ్లు. వాటిని ఆపుతున్నది మట్టి. అది ట్యాంకు కాదు, ఆనకట్ట.

మట్టికట్ట పోయే దారులు ప్రధానంగా మూడు. నీళ్లు పైనుంచి పొర్లి కోసేస్తాయి. లోపల బుంగ పడి మట్టి కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. లేదా నానిన వాలు జారిపోతుంది. మూడింటికీ మూలం ఒకటే, నీళ్లు ఉండకూడని చోట ఉండటం. అందుకని కింద చెప్పే పనులన్నీ నీళ్లు ఎక్కడున్నాయి, ఎంతున్నాయి, ఎటు పోతున్నాయి అని వెతికే పనులే. వీటిలో చాలావాటికి స్కేలుబద్ద, బకెట్, గాజు సీసా, నీళ్లలో ఉప్పెంతో చూపే ఒక వాహకత మీటరు సరిపోతాయి.

ముందు కట్టకు ఒక జాతకం రాయండి

ఒకే కాగితం మీద రాయండి: కట్ట గరిష్ఠ ఎత్తు, కట్ట పైన వెడల్పు, లోపలి వాలు, బయటి వాలు, ఏ సంవత్సరంలో కట్టారు, ఎప్పుడెప్పుడు ఎత్తు పెంచారు, లోపల లైనరుందా (నీళ్లు ఇంకకుండా పరిచే షీటు), కట్ట గుండా ఏ పైపులు పోతున్నాయి, చెరువులోకి ఏ నీళ్లు వస్తాయి, వాటి పీహెచ్, ఉప్పు, ఘనపదార్థం ఎంత. చివరగా, గండి పడితే నీళ్లు ఎటు పోతాయి, ఆ దారిలో ఎవరున్నారు.

డ్రాయింగులు దొరకవు. చిన్న చెరువుల విషయంలో దొరకకపోవడమే మామూలు. అప్పుడు లెవెల్ పరికరంతో కట్ట పొడవునా ప్రతి 10 మీటర్లకు ఒక మట్టం తీయించండి. కట్ట పైభాగం సమంగా ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది, కొలిస్తే ఎక్కడో ఒకచోట 200, 300 మిల్లీమీటర్లు కుంగి ఉంటుంది. పొర్లడం మొదలయ్యేది అక్కడే. కాబట్టి కట్ట ఎత్తంటే ఆ అత్యంత పల్లపు చోటి ఎత్తు. సగటుతో పనిలేదు.

వాలు నిలువు 1కి అడ్డం 2 కన్నా నిటారుగా ఉంటే, ఎత్తు పెంచిన ప్రతిసారీ పాత మట్టి మీదే కొత్త మట్టి పోసి ఉంటే, ఆ రెండు విషయాలనూ ఎర్ర సిరాతో రాసి భూసాంకేతిక ఇంజనీరుకు చూపించండి. వాటి సంగతి కట్టమీద నడిచి తేల్చలేరు.

చెరువు అడుగున పేరుకున్న బురదనూ కొలవండి. పొడవాటి కర్రకు 200 మిల్లీమీటర్ల పళ్లెం బిగించి, పడవ నుంచో నడకవంతెన నుంచో మెల్లగా దించితే పళ్లెం ఆగినచోట బురద మొదలైనట్టు. పది చోట్ల కొలిచి సగటు తీయండి. 3 మీటర్ల లోతు చెరువులో 1.2 మీటర్ల బురదుంటే మీ కాగితం మీదున్న నిల్వ సామర్థ్యంలో చాలాభాగం లేనట్టే లెక్క. పైగా బురద నీటికన్నా బరువైంది, కట్ట మీద ఎక్కువ ఒత్తిడి పెడుతుంది.

ఖాళీ ఎత్తు లెక్క వేయండి

నీటి మట్టానికీ కట్టమీది పల్లపు చోటుకూ మధ్య వదలాల్సిన ఎత్తునే ఫ్రీబోర్డు అంటాం. ‘అరమీటరు చాలు’ అనే మాట ఎక్కడైనా వినిపిస్తుంది. మీ చెరువుకు చాలుతుందో లేదో లెక్కే చెప్పాలి. ఒక ఉదాహరణ చూడండి.

చెరువు నీటి వైశాల్యం 1 హెక్టారు, అంటే 10,000 చదరపు మీటర్లు. 24 గంటల్లో 150 మిల్లీమీటర్ల వాన పడితే నేరుగా చెరువులో పడేది 1,500 ఘనపు మీటర్లు. చుట్టుపక్కల అర హెక్టారు కాంక్రీటు యార్డు నీళ్లు కూడా ఇందులోకే వస్తాయనుకోండి. అందులో 80 శాతం పారి వస్తే ఇంకో 600. ఆ వానకే కరెంటు పోయి బయటికి తోడే పంపు 48 గంటలు ఆగింది, ఫ్యాక్టరీ నుంచి గంటకు 20 ఘనపు మీటర్లు వస్తూనే ఉంది. అది 960. మొత్తం 3,060 ఘనపు మీటర్లు. వైశాల్యంతో భాగిస్తే మట్టం 306 మిల్లీమీటర్లు పెరిగింది. గాలికి లేచే అలలకు 300, రాబోయే కుంగుబాటుకు 100 కలపండి. 706 మిల్లీమీటర్లు. ఈ చెరువుకు అరమీటరు చాలదు. ఒక మీటరు ఉంచితే నిశ్చింత.

150 మిల్లీమీటర్లు ఉదాహరణకు తీసుకున్నదే. మీ ప్రాంతంలో నమోదైన భారీ వర్షాన్ని, మీకు వర్తించే నిబంధన అడిగే వర్షాన్ని పక్కపక్కన పెట్టి పెద్దది తీసుకోండి. వాన, పంపు ఆగడం, ఎదురుగాలి వేర్వేరు రోజుల్లో వస్తాయని మాత్రం అనుకోకండి. తుఫాను వస్తే మూడూ కలిసే వస్తాయి.

దక్షిణాఫ్రికాలోని మెరీస్‌ప్రూట్‌లో 1994 ఫిబ్రవరి 22న జరిగింది ఇలాంటిదే. బంగారు గని వ్యర్థాల కట్ట, పైన ఉండాల్సిన ఖాళీ లేదు, సాయంత్రం ఒక గట్టి వాన పడింది. నీళ్లు కట్ట పొర్లాయి, బురద కింది ఇళ్ల మీద పడింది, 17 మంది చనిపోయారు. ఆ వాన 50 మిల్లీమీటర్ల స్థాయిదే.

లెక్క తేలాక దాన్ని కాగితం మీదే వదలకండి. నీళ్లలో స్థిరంగా నిలిచే చోట కొలబద్ద నాటి, దానిమీద మూడు గీతలు గీయండి. ఆకుపచ్చ గీత మామూలు మట్టానికి. పసుపు దాకా వస్తే అదనపు పంపు వేయాలి, షిఫ్టు అధికారికి ఫోన్ చేయాలి. ఎరుపు దాకా వస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్లు ఆపాలి. ఎర్రగీత దగ్గర ఉత్పత్తి ఆపే అధికారం షిఫ్టులో ఉన్న మనిషికి రాతపూర్వకంగా ఇవ్వండి. అర్ధరాత్రి మేనేజరు ఫోనెత్తేదాకా ఆగాల్సి వస్తే ఆ గీత ఉన్నా లేనట్టే. ఎలక్ట్రానిక్ లెవెల్ సెన్సరు ఉంటే మంచిదే, కానీ రోజూ కొలబద్దతో పోల్చి చూడండి. నురగ, తెట్టు ఉన్న చెరువుల్లో సెన్సర్లు తరచూ తప్పు చూపిస్తాయి.

అలుగు వద్దనుకోకండి

‘వ్యర్థజలం చుక్క కూడా బయటికి పోకూడదు, అందుకే అలుగు పెట్టలేదు’ అని గర్వంగా చెప్పేవాళ్లుంటారు. అలుగు లేని చెరువు నిండితే నీళ్లు పోయేది కట్టమీద నుంచే. అప్పుడు పోయేది పైనున్న పలుచటి నీళ్లు మాత్రమే కాదు, కట్టా, అడుగు బురదా, మొత్తం చెరువూ. రుమేనియాలోని బాయా మారేలో 2000 జనవరి 30న తెగిన కట్టది ఇదే కథ. నీళ్లన్నీ తిరిగి ప్లాంటుకే వెళ్లే మూసిన వ్యవస్థ అది, అదనపు నీళ్లకు దారి పెట్టలేదు. వాన, కరిగిన మంచు కలిసి వచ్చాయి. సయనైడు కలిసిన సుమారు 1,00,000 ఘనపు మీటర్ల నీళ్లు నదుల్లోకి పోయాయి.

అలుగును కట్టలోంచి కాకుండా కట్ట చివర, సహజ నేలలో తవ్వండి. అడుగున రాయి పరచండి లేదా కాంక్రీటు వేయండి. అలుగు దిగువన రెండో గుంట ఒకటి ఖాళీగా ఉంచి, పొర్లిన నీళ్లు అందులో పడేలా చేస్తే నిబంధనా చెడదు, కట్టా మిగులుతుంది. ఆ గుంటను ‘ఖాళీగానే ఉందిగా’ అని పీపాలు, స్క్రాపు వేసి నింపకుండా కాపలా కాయడమే అసలు కష్టం. అలుగు నోటి దగ్గర కంచె, మెష్ పెట్టొద్దు. తేలే చెత్త అక్కడే పట్టుకుని అలుగు మూసుకుపోతుంది.

వారానికోసారి నడవండి

రోజూ మట్టం చూడటం ఒక పని. వారానికోసారి పూర్తిగా చుట్టి రావడం వేరే పని. భారీ వాన తర్వాత, భూకంపం తర్వాత, చెరువు నిండిన కొత్తలో ఇంకా తరచుగా వెళ్లండి. ఇద్దరుగా వెళ్లండి. లైనరు మీద పొరపాటున కూడా ఒంటరిగా దిగొద్దు. తడిసిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు మీద కాలు నిలవదు, పడ్డవాడు పైకి రాలేడు. ప్రతి 30 మీటర్లకో ముడుల తాడు పైనుంచి నీళ్లలోకి వేలాడదీసి ఉంచండి, లైఫ్ బాయ్ అందుబాటులో పెట్టండి. సేంద్రియ వ్యర్థముండే చెరువైతే హైడ్రోజన్ సల్ఫైడు మీటరు వెంట ఉండాలి. ఈ వాయువు 100 పీపీఎం దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, ‘వాసన పోయింది’ అనుకునే క్షణమే ప్రమాదం.

ఒకే దారిలో నడవండి: పోతూ కట్టమీద, వస్తూ కట్ట పాదం వెంట. బయటి వాలును మధ్యలో ఏటవాలుగా ఒకసారి దాటండి. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే ఉబ్బులు, గుంటలు నీడలుగా కనబడతాయి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడదు. గడ్డి 150 మిల్లీమీటర్ల లోపు కోసి ఉంచకపోతే ఈ నడకంతా వృథా.

కట్టమీద చూడాల్సినవి పగుళ్లు. ఎండకు మట్టి నెర్రెలిచ్చినట్టు గళ్లుగళ్లుగా ఉన్నవి సాధారణంగా పైపైనే ఉంటాయి. కట్ట పొడవునా సాగి, చివర్లలో కిందికి వంగిన పగులు వాలు జారబోతున్న గుర్తు. కట్టకు అడ్డంగా, చెరువు వైపు నుంచి బయటికి పోయే పగులు నీళ్లకు తయారైన దారి. ఎంత సన్నగా ఉన్నా దీన్నే ఎక్కువ పట్టించుకోండి. పగులు లోతు తెలుసుకోవాలంటే అందులో సున్నం నీళ్లు పోసి, ఆరాక పక్కన చిన్న గుంట తవ్వి తెల్లటి గీత ఎక్కడిదాకా దిగిందో చూడండి. నీటి మట్టం దాకా దిగిన పగులుంటే మాత్రం తవ్వకండి, ఇంజనీరును పిలవండి. పగులుకు అటూ ఇటూ రెండు ఇనుప మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం వారం వారం రాయండి. పూడ్చేదాకా పైన ప్లాస్టిక్ పట్టా కప్పండి. వాన నీళ్లు పగుల్లో నిలిస్తే మిగతా పని అవే చేస్తాయి.

కట్ట పాదం దగ్గర చూడాల్సినవి ఉబ్బు, మెత్తదనం, తడి. ఒక హెచ్చరిక కూడా: పాదం దగ్గర కందకం తవ్వనివ్వకండి. కేబులు కోసమో, మురుగు కాలువ కోసమో అరమీటరు తవ్వితే ఏమవుతుందని ఎలక్ట్రికల్ వాళ్లు అడుగుతారు. వాలును కింద నుంచి పట్టి ఉంచుతున్నది ఆ అరమీటరు మట్టే. ఇలాగే, చెరువు నుంచి తీసిన బురదను ఆరబెట్టడానికి కట్టమీద కుప్ప పోయొద్దు. కింద తవ్వడమూ పైన బరువు పెట్టడమూ ఒకే వారంలో జరిగితే వాలు జారడానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఊటను చదవడం నేర్చుకోండి

మట్టికట్టన్నాక ఎంతో కొంత ఊట ఉంటుంది. ఊట ఉందా లేదా అన్నదానికన్నా అది ఎలాంటిది, మారుతోందా అన్నదే ముఖ్యం.

మొదట ఎక్కడ వెతకాలి? బయటి వాలులో కింది మూడో వంతు, కట్ట సహజ నేలను కలిసే రెండు చివరలు, పైపులు బయటికి వచ్చే చోట్లు. కట్ట పాదం నుంచి కొన్ని పదుల మీటర్ల అవతలి నేలను కూడా చూడండి, నీళ్లు కట్ట కిందుగా పోయి అక్కడ తేలవచ్చు. ఎండాకాలంలో ఒక చోటే గడ్డి పచ్చగా ఉందంటే అక్కడ ఆగండి. తెల్లటి ఉప్పు మరక, బూటు దిగబడే నేల, తుప్పు రంగు జిగురు కూడా గుర్తులే. తుప్పు రంగు జిగురు ఇనుము తినే సూక్ష్మజీవుల పని, మట్టి కొట్టుకుపోతోందని దానర్థం కాదు. అయినా ఊటుందని చెబుతుంది.

తడి కనబడింది. అది చెరువు నీళ్లా, వాన నీళ్లా, భూగర్భజలమా? వ్యర్థజల చెరువుకు ఇక్కడొక సౌలభ్యముంది, ఉప్పు. వాహకత మీటరుతో మూడు చోట్ల కొలవండి. చెరువులో సెంటీమీటరుకు 6,000 మైక్రోసీమెన్లు, ఎగువ బావిలో 800, ఊటలో 4,500 వచ్చిందనుకోండి. 4,500 లోంచి 800 తీస్తే 3,700. దాన్ని 6,000కు 800కు ఉన్న తేడా 5,200తో భాగిస్తే 0.71. అంటే ఊటలో సుమారు 70 శాతం చెరువు నీళ్లే. రంగు చూసి, పీహెచ్ చూసి ‘మన నీళ్లు కావు’ అని తేల్చేయొద్దు. మట్టి రంగును పట్టేస్తుంది, ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఉప్పు మాత్రం చాలావరకు దాటి వస్తుంది.

తర్వాత కొలత. ఊటను ఒక చిన్న కాలువలోకి మళ్లించి, పైపు ముక్క కింద 10 లీటర్ల బకెట్ పెట్టి సమయం చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు. ఊట దీనికన్నా బాగా ఎక్కువైతే 90 డిగ్రీల వీ ఆకారపు గంటు కోసిన రేకును కాలువకు అడ్డంగా పెట్టండి. గంటు అడుగు నుంచి నీటి ఎత్తు 50 మిల్లీమీటర్లయితే సెకనుకు దాదాపు 0.77 లీటర్లు, 100 అయితే 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, కాబట్టి మిల్లీమీటర్లు జాగ్రత్తగా చదవండి. ఎత్తును రేకు అంచు దగ్గర కాకుండా కాస్త ఎగువన, నీళ్లు నిలకడగా ఉన్నచోట కొలవాలి.

ఇక అన్నిటికన్నా విలువైన పరీక్ష, గాజు సీసా. ఊట నీళ్లు తెల్ల సీసాలో పట్టి, తేదీ రాసి, అరగంట కదపకుండా పెట్టండి. అడుగున మట్టి పేరుకుందా? నీళ్లు తేటగా ఉంటే కట్టలోంచి నీళ్లే వస్తున్నాయి. అడుగున మట్టి ఉంటే కట్టే బయటికి వస్తోంది. పట్టేటప్పుడు నేల మీది బురద కలవకుండా చూసుకోండి, అనుమానముంటే ఇంకో రెండు సీసాలు పట్టండి. మట్టి నిజంగా వస్తోందంటే అది రేపు మాట్లాడుకునే విషయం కాదు, కింద ‘ఆపదలో’ అని రాసిన భాగానికి వెళ్లండి.

రాసిన అంకెలను చెరువు మట్టంతో, వానతో పక్కపక్కన పెట్టి చూడండి. మట్టం పెరిగినప్పుడు ఊట పెరగడం సహజం. మట్టం అంతే ఉండి, వాన లేకుండా ఊట పెరిగితే లోపల దారి వెడల్పవుతోంది. ఉన్నట్టుండి తగ్గినా సంతోషించకండి. వడపోత పొర మూసుకుపోయి నీళ్లు కట్టలోనే ఎక్కుతూ ఉండవచ్చు. అందుకే బయటి వాలులో రెండు మూడు చోట్ల పైజోమీటర్ గొట్టాలు వేయించుకోవడం మంచిది. 25 నుంచి 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం, అడుగున రంధ్రాలు, చుట్టూ ఇసుక, పైన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) ముద్ర. నెలకోసారి లోపలి నీటి మట్టం కొలవాలి. ఊట తగ్గి గొట్టంలో మట్టం పెరిగితే కథ అర్థమైపోతుంది.

ఇక అందరూ చేసే తప్పు ఒకటి. బయటి వాలులో తడి కనబడగానే నాలుగు ట్రిప్పుల బంకమట్టి తెచ్చి కొట్టేస్తారు. తడి కనబడదు, మనసు కుదుటపడుతుంది. కానీ నీళ్లు ఆగలేదు, బయటికొచ్చే దారి మాత్రమే మూసుకుంది. లోపల ఒత్తిడి పెరిగి ఇంకో చోట, ఇంకా పైన బయటపడుతుంది. బయటి వైపు చేయాల్సింది నీళ్లను వదిలి మట్టిని ఆపడం: ముందు గరుకు ఇసుక 300 మిల్లీమీటర్లు, దాని మీద సన్న కంకర, ఆ పైన పెద్ద రాయి. ఇసుక కట్ట మట్టిని పట్టుకుంటుంది, కంకర ఇసుకను పట్టుకుంటుంది, రాయి బరువుగా కూర్చుంటుంది. నీళ్లను ఆపేయాలంటే ఆ పని లోపలి వైపు, చెరువులోంచి చేయాలి. ఇసుకకు బదులు జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి పని ముగించాలని ఉంటుంది. సేంద్రియ వ్యర్థమున్న నీళ్లకు ఆ గుడ్డ జిగురు పట్టి మూసుకుపోతుంది. మార్చలేని చోట దాన్ని నమ్ముకోవద్దు.

పైపుల దగ్గర ఆగి చూడండి

కట్ట గుండా వెళ్లే పైపు పక్కన మట్టిని సరిగ్గా దిమ్మిస చేయడం కుదరదు. పైపు కింది సగం చుట్టూ ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటుంది, బుంగ అక్కడ మొదలవుతుంది. పైపు బయటి చివర చుట్టూ తడి, పైపు పైన కట్టమీద గుంట, ఈ రెండూ కలిసి కనబడితే ఆలస్యం చేయొద్దు. పాత పద్ధతిలో పైపు చుట్టూ కాంక్రీటు కాలర్లు (అడ్డుగోడల్లాంటి పట్టీలు) కట్టేవారు. వాటి మూలల్లో మట్టి ఇంకా వదులుగా మిగులుతుందని ఇప్పుడు బయటి మూడో వంతులో పైపు చుట్టూ ఇసుక వడపోత తొడుగు వేయడమే మేలంటున్నారు. కొత్తగా కట్టేవాళ్లు పైపును కట్ట గుండా కాకుండా కట్టమీదుగా వేసి సైఫను పద్ధతిలోనో పంపుతోనో తోడితే ఈ బాధే ఉండదు.

వాడకంలో లేని పైపులు ఇంకా ప్రమాదం, ఎవరికీ గుర్తుండవు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో 2014 ఫిబ్రవరి 2న డాన్ నదిలోకి బొగ్గు బూడిద వేల టన్నుల్లో పోయింది. కట్ట తెగి కాదు. బూడిద చెరువు కిందుగా పోతున్న పాత వాననీటి ముడతల రేకు పైపు కుంగి విరిగింది. మీ చెరువు కింద ఏముందో పాత ప్లాంటు డ్రాయింగుల్లో వెతికించండి. అయిదేళ్లకోసారి పైపుల్లోకి కెమెరా పంపండి. తుప్పు, అతుకుల దగ్గర జారే నీళ్లు, లోపలికి వచ్చిన మట్టి కనబడితే పైపును సిమెంటు గ్రౌటుతో పూర్తిగా నింపి మూసేయించండి.

చెట్లు, బొరియల సంగతి త్వరగా చెప్పుకుందాం. కట్టమీద గడ్డి తప్ప ఏదీ పెరగనివ్వొద్దు. మొలకగా ఉన్నప్పుడే పీకేయండి. బొటనవేలంత మొక్కను వదిలి, మానయ్యాక నరికితే వేర్లు లోపల కుళ్లి గొట్టాల్లా మిగులుతాయి. కాండం 100 మిల్లీమీటర్లు దాటిన చెట్టును ఇంజనీరును అడక్కుండా ముట్టుకోవద్దు. ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్విన బొరియలు కనబడితే చివరిదాకా తవ్వి, పొడి మట్టి కుక్కకుండా, తగు తేమతో ఉన్న బంకమట్టిని 150 మిల్లీమీటర్ల పొరలుగా దిమ్మిస చేస్తూ పూడ్చండి.

నీళ్లు కట్టను తినేస్తున్నాయా?

మంచినీళ్ల చెరువుకు లేని బెడద ఇది. సోడియం ఎక్కువున్న నీళ్లు కొన్ని రకాల బంకమట్టిని పాలలా విడగొడతాయి. పరీక్ష ఇంట్లో చేసేంత తేలిక: 8 మిల్లీమీటర్ల కట్ట మట్టి గుళిక ఒకటి స్వచ్ఛమైన స్వేదనజలంలో, ఇంకోటి చెరువు నీళ్లలో కదపకుండా వేసి పది నిమిషాలు చూడండి. గుళిక విరిగి కుప్పపడితే భయం లేదు. చుట్టూ పొగమంచులా తెల్లటి మబ్బు కమ్మితే అది విడిపోయే మట్టి. ఆ మట్టితో కట్టిన కట్టలో చిన్న పగులు కూడా బుంగ అవుతుంది. ఆమ్ల నీళ్లయితే సున్నపురాయిని కరిగిస్తాయి, కాబట్టి లోపలి వాలుకు సున్నపురాయి పరచకండి. సల్ఫేటు నీళ్లకు మామూలు సిమెంటు కాంక్రీటు పొరలు పొరలుగా ఊడుతుంది. తూము గోడను సుత్తితో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల చెడిపోయింది.

లైనరున్న చెరువుల్లో 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు మామూలు. చిల్లులు ఎక్కువగా అతుకుల దగ్గర, పైపు చుట్టూ, బురద తీసే యంత్రం తిరిగిన చోట పడతాయి. నీళ్లలో షీటు బుడగలా పైకి తేలితే కింద గాలో వాయువో భూగర్భజలమో చేరిందన్నమాట. ఆ బుడగను పొడిచి వదిలేయొద్దు. ముందు కింద ఉన్న గాలి గొట్టాలు, నీళ్ల డ్రైనేజీ మూసుకుపోయాయేమో చూడండి. లైనరుందన్న ధీమాతో కట్ట ఊటను చూడటం మానేయడమే అసలు ముప్పు. షీటు చిరిగిన రోజున మట్టి ఒంటరిగా ఆ నీళ్లన్నీ మోయాలి.

ఆపదలో

ముందే సిద్ధంగా ఉంచండి: 500 ఖాళీ బస్తాలు, 20 ఘనపు మీటర్ల గరుకు ఇసుక, అంతే కంకర, పెద్ద తార్పాలిన్లు, డీజిల్ పంపు, లైట్లు. ఇవి కట్ట పాదం దగ్గర కాకుండా గండి పడినా చేరుకోగల ఎత్తైన చోట ఉండాలి. దిగువ ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు గోడ మీద ఉండాలి. వాటిని ఏడాదికోసారి నిజంగా మోగించి చూడండి.

ఊటలో మట్టి వస్తోంది, ప్రవాహం పెరుగుతోంది. ముందు దిగువ వాళ్లకు, అధికారులకు ఫోన్ చేయండి, తర్వాతే మిగతావి. ఫ్యాక్టరీ నీళ్లు ఆపండి, తోడే పంపులన్నీ వేయండి. నేల మీద నీళ్లు బుడబుడ పొంగుతూ ఇసుక కక్కుతున్న చోట చుట్టూ బస్తాలతో గుండ్రంగా దడి కట్టండి. లోపల నీళ్లు కాస్త ఎత్తుకు నిలిచి, ఊట తేటపడేదాకా దడిని పెంచండి. తేటపడగానే ఆపండి, ఊటను పూర్తిగా బిగించొద్దు. బయటి వాలులో పడ్డ బుంగ మీద ఇసుక, కంకర, రాయి అదే వరుసలో వేయండి. చెరువులో సుడి కనబడితే దాని మీద తార్పాలిన్ పరిచి బస్తాలు వేయొచ్చు, కానీ కట్టమీది మనిషి తాడు కట్టుకునే ఉండాలి. బుంగ వెడల్పవుతున్నా, కట్టమీద గుంట పడుతున్నా పని వదిలి అందరూ పక్కలకు, ఎత్తుకు వెళ్లిపోవాలి. కట్టను మళ్లీ కట్టుకోవచ్చు.

నీళ్లు పొర్లబోతున్నప్పుడు కట్టంతా బస్తాలు పరచడానికి సమయముండదు. ముందే గుర్తించిన పల్లపు చోట్లు మాత్రమే మూసి, నీళ్లను అలుగు వైపు నెట్టండి.

వాలు జారుతోందని తెలిసినప్పుడు నీళ్లు గబగబా తోడేయాలనిపిస్తుంది. అక్కడ ఒక చిక్కుంది. లోపలి వాలు నీళ్లతో నాని ఉంటుంది, చెరువు నీళ్లే దాన్ని ఆనుకుని పట్టి ఉంచుతాయి. ఆ ఆసరా ఒక్కసారిగా తీస్తే లోపలి వాలే చెరువులోకి జారుతుంది. మామూలు రోజుల్లో మట్టాన్ని రోజుకు 300 మిల్లీమీటర్ల కన్నా వేగంగా దించకపోవడం చిన్న కట్టలకు మంచి అలవాటు. గండి పడబోతుంటే ఆ లెక్క పక్కన పెట్టి తోడాల్సిందే. రెండు నష్టాల్లో ఏది చిన్నదో ఇంజనీరు ముందే రాసి పెట్టి ఉంటే ఆ రాత్రి వాదన ఉండదు.

బయటికి పోయిన నీళ్లలో ఏముందో దిగువ వాళ్లకు చెప్పండి. హంగరీలోని అజ్కా దగ్గర 2010 అక్టోబరు 4న ఎర్రబురద (అల్యూమినా ఫ్యాక్టరీ వ్యర్థం) కట్ట తెగినప్పుడు మునిగినవాళ్లతో పాటు కాలినవాళ్లూ ఎక్కువే. ఆ బురద గాఢమైన క్షారం. మీ చెరువు నీళ్ల పీహెచ్ 12 ఉంటే, చర్మాన్ని వెంటనే ధారాళంగా కడగాలన్న సంగతి ఆసుపత్రికి ముందే తెలిసి ఉండాలి.

వాడకం ఆగిన చెరువు

కొత్త ఈటీపీ వచ్చింది, పాత చెరువులోకి నీళ్లు పోయడం మానేశారు. నడక కూడా మానేస్తారు. వాన మాత్రం మానదు, అలుగు మూసుకుపోతుంది, చెట్లు లేస్తాయి, లోపలి బురద ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యో కట్టలో వ్యర్థాలు పోయడం 2016లోనే ఆపేశారు. అది 2019 జనవరి 25న కూలి 270 మంది చనిపోయారు. నీళ్లు తోడి, బురద తీసి లేదా గట్టిపరిచి, వాన నీళ్లు నిలవకుండా కట్టను ఒకచోట ఇంజనీరు డిజైను ప్రకారం కోసి, అధికారిక జాబితా నుంచి తీయించేదాకా అది పనిచేస్తున్న చెరువుతో సమానమే. వారం నడక, మట్టం, ఊట, సీసా, ఈ నాలుగింటికీ అప్పటిదాకా రిజిస్టరులో గడులు ఉండాల్సిందే.